ఇంట్లో ముసలి కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి, పిట్‌బుల్‌ని తెచ్చుకోవచ్చా?

అల్వాల్_అక్క

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి, టెన్షన్‌తో రెండు రోజులుగా సరిగ్గా నిద్ర కూడా పట్టడం లేదు.

మాది హైదరాబాద్ అల్వాల్‌లో సొంత ఇల్లు. మా వీధి చివరి ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్లు పోయిన నెలలో ఖాళీ చేసి వెళ్లిపోయారు, వాళ్ల ఆడ పిట్‌బుల్‌ని మాత్రం వెనక వరండా గ్రిల్‌కి గొలుసుతో కట్టేసి వదిలేశారు. మూడో రోజు మొరుగుడు విని ఇంటి ఓనర్ చూశారు. ఆయనకి దగ్గరికి వెళ్లాలంటే భయం. నేనూ మా ఆయనా వెళ్లి గ్రిల్ సందులోంచి నీళ్లు పెడితే ఒక్క గుక్కలో ఖాళీ చేసింది, గిన్నె ఇంకా నాకుతూనే ఉంది. అప్పటి నుంచి రోజూ రెండు పూటలా నేనే వెళ్లి అన్నం, గుడ్డు పెట్టి వస్తున్నాను.

చెవులు కోసేసి ఉన్నాయి, గొలుసు ఒరుసుకుని మెడ చుట్టూ పుండు పడింది. డాక్టర్‌ని పిలిపిస్తే మూడేళ్లు ఉంటాయని, కనీసం రెండుసార్లు పిల్లల్ని పెట్టిందని చెప్పారు. అంటే పిల్లల్ని అమ్ముకుని, తల్లిని వదిలేశారన్నమాట. ఆయన పుండు కడుగుతుంటే ఒక్కసారి కూడా గుర్రుమనలేదు, తల తెచ్చి నా ఒళ్లో పెట్టుకుంది. రాణి అని పిలుస్తున్నాం. మనుషులంటే దానికి ప్రాణం.

మా ఇంట్లో రాజు ఉన్నాడు, పదకొండేళ్ల వీధికుక్క, పిల్లప్పుడు కాలవ పక్కన దొరికాడు, ఇప్పుడు వెనక కాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేడు. రెండు పిల్లులు కూడా ఉన్నాయి. చుక్కికి ఎవరన్నా భయం లేదు, రాజు గిన్నెలోనే మూతి పెట్టి తింటుంది. బూడిద మాత్రం బీరువా కింది నుంచి బయటికే రాదు. మా పాపకి తొమ్మిదేళ్లు. మా అత్తయ్య మాతోనే ఉంటారు, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి దాకా తలుపులన్నీ తీసి ఉంచడం ఆవిడకి అలవాటు, గాలి ఆడాలి అంటారు.

ఓనర్ ఆదివారం దాటితే మున్సిపాలిటీ వాళ్లకి ఫోన్ చేస్తానంటున్నారు. రాణిని మా ఇంటికి తెచ్చుకోవాలని నాకు చాలా ఉంది. పిల్లులతో, రాజుతో కలుస్తుందా? ఎలా కలపాలి? ఈ జాతిని నిషేధించారని పక్కింటాయన అంటున్నారు, అది నిజమేనా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న

అక్కా, మేము టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఆరేళ్లుగా మా ఇంట్లో పిట్‌బుల్ ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ సిటీ షెల్టర్‌కి వెళ్తే బోనుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రకం కుక్కలే. చాలా అపార్ట్‌మెంట్లలో ఈ జాతి ఉంటే ఇల్లు ఇవ్వరు, కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు ఇంటికి పాలసీ ఇవ్వవు, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు జనం ముందు కుక్కని తెచ్చి షెల్టర్‌లో వదిలేస్తారు. మీ వీధిలో జరిగిందీ ఇంచుమించు అదే, కాకపోతే అక్కడ షెల్టర్ కూడా లేక గ్రిల్‌కి కట్టేసిపోయారు.

మీరు రాసినది చదివితే రాణి మంచి కుక్కే అనిపిస్తోంది. దాని మంచితనం మీద నాకు అనుమానం లేదు, నా భయమంతా మీ ఇంటి తలుపుల గురించి. అత్తయ్యగారు రోజంతా తలుపులు తీసే ఉంచుతారని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను.

ఈ జాతి ఎలా వచ్చిందో తెలిస్తే మీకు సగం అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటని 1835లో చట్టం చేసి ఆపేశారు. ఆ తర్వాత బుల్‌డాగ్‌లని చురుకైన టెర్రియర్లతో కలిపి, గొయ్యిలాంటి బరిలో కుక్కకీ కుక్కకీ పోటీలు పెట్టడం పెరిగింది. వాటిని విడదీయడానికి మనిషి మధ్యలోకి దిగాలి కాబట్టి మనిషిని కరిచే కుక్కని ఉంచుకునేవాళ్లు కాదని చెబుతారు. అందుకే మనిషి ఒళ్లో తల పెట్టుకునే కుక్కే ఇంకో కుక్కని చూస్తే వేరేగా ఉండొచ్చు. అన్నీ అలా ఉంటాయని కాదు, పిల్లులతో కలిసి పడుకునేవి కూడా నేను చూశాను. కానీ మీ డాక్టర్ దగ్గర ఎంత నెమ్మదిగా ఉందో చూసి రాజుతోనూ అలాగే ఉంటుందని లెక్కేసుకోకండి, ఆ రెండిటికీ సంబంధం లేదు.

మా సంగతి చెప్తాను. మాకు ముందు నుంచి ఆరేళ్ల మగ లాబ్రడార్ ఉండేవాడు. షెల్టర్ నుంచి పది నెలల మగ పిట్‌బుల్‌ని తెచ్చాం. ఎనిమిది నెలల పాటు రెండూ ఒకే పరుపు మీద పడుకున్నాయి, ఆ ఫొటోలు మా అమ్మకి రోజూ పంపేవాణ్ణి. ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది, రెండూ తలుపు దగ్గరికి పరిగెత్తాయి, భుజం భుజం తగిలింది, అంతే. లాబ్ చెవి వాడి నోట్లో ఉంది. అరిస్తే వినలేదు, నీళ్లు పోస్తే వినలేదు. మా ఆవిడ మధ్యలో చెయ్యి పెడితే నొప్పితో ఉన్న లాబ్ ఆమె చేతినే కరిచేశాడు. చెవికి తొమ్మిది కుట్లు, ఆమె చేతికి నాలుగు. తర్వాత ట్రైనర్ చెప్పింది ఏంటంటే, ఏడాది నుంచి మూడేళ్ల మధ్య కుక్క పూర్తిగా ఎదిగే వయసులో ఈ గుణం బయటపడటం మామూలేనట. ఎనిమిది నెలలు కలిసి ఉన్నాయి కదా అని మేము ధీమాగా ఉండిపోయాం.

అప్పటి నుంచి మా ఇంట్లో రెండు కుక్కలూ ఎదురుపడవు. ఒకటి హాల్లో ఉంటే రెండోది గదిలో. మధ్యలో మూసిన తలుపు ఒకటి, దాని ముందు చిన్నపిల్లలకి పెట్టే గేటు ఒకటి. ఒకటి పొరపాటున తెరుచుకున్నా రెండోది ఆపాలి. నాలుగు గంటలకి ఒకసారి మారుస్తాం. మార్చే ముందు పెద్దగా చెప్పి, రెండో మనిషి సరే అన్నాకే తలుపు తీస్తాం. ఐదేళ్లుగా ఇదే. చుట్టాలు వచ్చినా, పండగైనా, జ్వరం వచ్చినా ఇంతే. చేయగలం కాబట్టి చేస్తున్నాం, మేమిద్దరం, ఇంట్లో పిల్లలు లేరు. మీ ఇంట్లో పెద్దావిడ, తొమ్మిదేళ్ల పాప ఉండగా పదేళ్ల పాటు ఒక్క రోజు కూడా తలుపు మరచిపోకుండా ఉండగలరా అన్నది ముందు మీ నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకోటి, ఇక్కడ షెల్టర్ వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని చెబుతారు. మొదటి మూడు రోజులు భయంతో ముడుచుకుని ఉంటుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి గానీ దాని అసలు స్వభావం బయటికి రాదు అని. కచ్చితమైన లెక్క ఏమీ కాదు గానీ మా అనుభవంలో చాలా వరకు నిజం. గొలుసుకి కట్టేసి ఉన్న కుక్కని చూసి ఏమీ తేల్చలేం. ‘తెచ్చేసుకున్నాం’ అని పాపకి చెప్పకండి, ‘కొన్నాళ్లు చూసుకుంటాం’ అనే చెప్పండి.

సూర్యలంక

వద్దండి. జాలిపడి తెచ్చుకుని తర్వాత బాధపడినవాళ్లని చాలామందిని చూశాను. ముసలి కుక్కని పెట్టుకుని ఈ రిస్క్ ఎందుకు.

బెజవాడ_కాంపౌండర్

నేను విజయవాడలో జంతువుల క్లినిక్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. కుక్కని పట్టుకునే పని నాదే కాబట్టి నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి.

మేడమ్, ముందు రక్తపరీక్ష చేయించండి. వరండాలో కట్టేసి ఉన్న కుక్క అంటే గోమార్లు పట్టే ఉంటాయి, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ మీ రాజుకి ఆ వయసులో వస్తే తట్టుకోలేడు. రేబిస్ టీకా, మిగతా టీకాలు వేసినట్టు కాగితం లేదంటే వేయలేదనే అనుకుని మొదలుపెట్టాలి. కాబట్టి ఎలాగూ రెండు వారాలు దాన్ని విడిగానే ఉంచాలి, వేరే గిన్నెలు, వేరే దుప్పటి. ఆ రెండు వారాలూ ఒకరి ముఖం ఒకరికి చూపించకండి. రాణి పడుకున్న గుడ్డ తెచ్చి రాజు దగ్గర వేయండి, రాజుది రాణి దగ్గర వేయండి. వాసన ముందు తెలియాలి, మనిషి పరిచయం లాంటిది కాదు ఇది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పకుండా చేయించండి, కానీ ఈమధ్యే పాలిచ్చి ఉంటే పొదుగు తగ్గేదాకా ఆగమంటారు, మీ డాక్టర్‌ని అడగండి. ఎదకి వచ్చిందంటే వీధిలో మగకుక్కలన్నీ మీ గేటు ముందే ఉంటాయి, దాంతో రాజు కూడా చిరాకుగా ఉంటాడు.

చాలామంది దవడ లాక్ అయిపోతుంది అంటారు, అలాంటిదేమీ లేదు, వేరే కుక్కలకి ఉన్న దవడే దీనికీ ఉంటుంది. పట్టుకుంటే వదలకుండా విదిలించే పట్టుదల మాత్రం ఉంటుంది. అది కూడా అన్నిటికీ ఒకేలా ఉండదు. మీరు చూడాల్సింది ఒంటి భాష. తోక ఆడిస్తోంది కదా అని స్నేహం అనుకోవద్దు. నోరు తెరిచి నాలుక వేలాడేసి ఒళ్లంతా మెలికలు తిరుగుతుంటే పర్వాలేదు. నోరు ఠక్కున మూసుకుని, ఒళ్లు కర్రలా బిగిసి, కన్ను ఆర్పకుండా చూస్తూ తోక మాత్రం పైకి లేచి సన్నగా కదులుతుంటే అప్పుడు ప్రమాదం. గుర్రుమనే కుక్కతో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, అది ముందే చెప్తోంది కదా. గుర్రుమన్నందుకు కొట్టి కొట్టి నోరు మూయించిన కుక్కలతోనే నాకు చేతులు చీరుకున్నాయి. మీ ఇంట్లో ఎవరూ గుర్రుమన్నందుకు కొట్టకుండా చూడండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది చెప్తాను. ఫ్రిస్కో అన్నలాంటి వాళ్లు రెండు కుక్కల్నీ దూరంగా పక్కపక్కన నడిపించి కలపమంటారు, అది మంచి పద్ధతే. కానీ మన వీధుల్లో ఎలా కుదురుతుంది? పది అడుగులకి నాలుగు వీధికుక్కలు, అవి మీదికి వచ్చి మొరుగుతుంటే రాణి ఆ కోపం పక్కనున్న రాజు మీద తీర్చుకోవచ్చు. అందుకని తెల్లవారుజామున కాకుండా, వీధికుక్కలు రాని చోటు వెతకండి. గోడ ఉన్న ఖాళీ స్థలం, తాళం వేసే స్కూల్ గ్రౌండ్, ఏదైనా సరే. తెల్లవారుజామున అవి ఇంకా హుషారుగా ఉంటాయి, చాలామంది ఆ టైమ్‌కి తీసుకెళ్లి దెబ్బలు తెచ్చుకుంటారు. రాణికి మూతికి బుట్టలాంటి మజిల్ అలవాటు చేయండి, లోపల కొంచెం పెరుగు రాసి రోజూ ఐదు నిమిషాలు పెట్టి తీసేయండి, వారం పది రోజుల్లో తనే మూతి పెడుతుంది. గుడ్డ మజిల్ వద్దే వద్దు. కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది, మన ఎండలకి గుడ్డతో నోరు కట్టేస్తే అక్కడికక్కడే పడిపోతుంది.

నల్లపిల్లి_ఇల్లు

నేను ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అక్కా, మీరు బాధపడతారని తెలుసు, అయినా చెప్పాలి.

మాది తిరుపతి. మూడేళ్ల కిందట మా తమ్ముడు వాళ్ల ఆఫీసు దగ్గర దొరికిన పిట్‌బుల్‌ని తెచ్చాడు. మగది, చాలా మంచిది, మా నాన్న పక్కన కూర్చుని టీవీ చూసేది. మాకు అప్పుడు ఒక్కటే పిల్లి, నల్లది, ఏడేళ్లు. మేము అన్నీ పద్ధతి ప్రకారమే చేశాం. నెలన్నర పాటు గ్రిల్ తలుపుకి అటూ ఇటూ పెట్టి అన్నం పెట్టాం, తర్వాత తాడుతో పట్టుకుని ఒకే గదిలో కూర్చోబెట్టాం, అది పిల్లి వంక చూడటమే మానేసింది. రెండు నెలలు దాటాక తాడు తీసేశాం. అప్పుడూ ఏమీ అనలేదు. పక్క నుంచి వెళ్తే వాసన చూసి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి వస్తే నేను గేటు దాకా వెళ్లాను. సంతకం పెట్టి తిరిగి వచ్చాను, మూడు నిమిషాలు కూడా కాలేదు. పిల్లి కిటికీ మీంచి కిందికి దూకి పరిగెత్తి ఉంటుంది. అంతసేపూ నడిచే పిల్లినే చూసింది ఆ కుక్క, పరిగెత్తే పిల్లిని మొదటిసారి అప్పుడే చూసింది. అరుపు కూడా వినపడలేదు. నేను వచ్చేసరికి కుక్క నా వైపు చూసి తోక ఆడిస్తోంది.

దాని మీద నాకు కోపం లేదు. తోడేలు జింకని పట్టుకున్నట్టు, అది దాని ఒంట్లో ఉన్న పని చేసింది. పిల్లిని కాపాడాల్సిన పని నాది. తర్వాత ఆ కుక్కని పిల్లులు లేని ఇంటికి ఇచ్చాం, ఇప్పటికీ బాగానే ఉంది.

మీ పోస్ట్‌లో ‘చుక్కికి ఎవరన్నా భయం లేదు’ అని చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. భయం ఉన్న పిల్లి బీరువా కింద దాక్కుని బతుకుతుంది, భయం లేని పిల్లి వెళ్లి దాని గిన్నెలో మూతి పెడుతుంది. రాజు పదకొండేళ్లు అలవాటు చేసిన ధైర్యం అది, రాణి దగ్గర పనికిరాదు. మీ పిల్లులూ రాజూ మీ ఇంటికి ముందే వచ్చారు. వాళ్ల ఇల్లు వాళ్లకి భయంగా మారకూడదు, ఎంత జాలి ఉన్నా సరే.

కోర్టు_కాగితాలు

నిషేధం గురించి అడిగారు కదా, అది ఒక్కటే నేను చెప్తాను. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక లేఖ పంపింది. పిట్‌బుల్ టెర్రియర్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో లాంటి 23 జాతులకి అమ్మకానికి, పిల్లల్ని పెట్టించడానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. 2022 జులైలో లక్నోలో ఒక పెద్దావిడ సొంత పిట్‌బుల్ దాడిలో చనిపోయాక దేశమంతా ఈ చర్చ బాగా పెరిగింది. అయితే ఆ లేఖని కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న రద్దు చేసింది, సంబంధించిన వాళ్ల మాట వినకుండా ఇలాంటిది తేకూడదు, పద్ధతి ప్రకారం మళ్లీ తెచ్చుకోవచ్చు అని చెప్పింది. అసలు ఆ లేఖలో కూడా ఇళ్లలో ఉన్న కుక్కల్ని చంపమనో, వీధిలో వదిలేయమనో లేదు. కొన్ని ఊళ్లలో మున్సిపాలిటీలు సొంతంగా నిబంధనలు పెట్టాయి కాబట్టి మీరు మీ సర్కిల్ ఆఫీసులో ఒకసారి కనుక్కుని, రాణిని మీ పేరు మీద రిజిస్టర్ చేయించండి. టీకా కాగితం అడుగుతారు.

ఇంకోటి మరచిపోకండి. మీ పేరు మీదికి వచ్చాక అది ఎవరినైనా కరిస్తే బాధ్యత మీదే. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నందుకు భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అలా వదిలేసి పోవడం కూడా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే, ఆ కుర్రాళ్ల మీద మీరు ఫిర్యాదు చేయొచ్చు. ఓనర్ దగ్గర వాళ్ల అద్దె అగ్రిమెంట్ ఉంటుంది కదా.

అల్వాల్_అక్క

అందరికీ చేతులెత్తి నమస్కారం. తిరుపతి చెల్లీ, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్లి హాల్ తలుపు వేసి వచ్చారు.

మాకు ఇంటి పక్కగా బయటికి తలుపున్న గది ఒకటి ఉంది, పాత సామాన్లు వేస్తాం. దానికీ మా ఇంటికీ మధ్య తలుపు లేదు, ముందు చిన్న వసారా, దానికి గ్రిల్ గేటు. అక్కడ ఉంచి చూడొచ్చా? అలాగే రాజుకి కాళ్ల నొప్పులు కదా, వాడిని నడిపించి కలపడం మంచిదేనా?

బెజవాడ_కాంపౌండర్

ఆ గది దొరకడం మీ అదృష్టం మేడమ్, అంతకంటే మంచిది ఉండదు. ఫ్యాన్ పెట్టండి, గచ్చు మీద మందంగా గోనెసంచులు వేయండి, గ్రిల్ గేటుకి లోపల నుంచి కాకుండా పైన గడియ పెట్టించండి.

రాజు విషయంలో ఒకటి. నొప్పి ఉన్న కుక్క ఎవరైనా తగిలితే చటుక్కున కసురుతుంది. రాణి దాన్ని పోరాటం అనుకోవచ్చు. అందుకని ముందు రాజుకి నొప్పి మందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి, మనుషులవి ఇవ్వకండి, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకి విషమవుతాయి. మగ, ఆడ జత కాబట్టి రెండు ఆడవాటి కంటే నయం, అంతవరకు మంచిదే. కలిపేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు, రెండు తాళ్లు, మధ్య ముప్పై అడుగులు. తిండి, బొమ్మ, బంతి ఏవీ అక్కడ ఉండకూడదు. తాడు బిగించి పట్టుకోకండి, మీ చేతి బిగువు దానికి తెలుస్తుంది. పది నిమిషాలు నడిచి ఇంటికి వచ్చేయండి, బాగుందని ఇంకాస్త సేపు ఉంచకండి. అన్నం మాత్రం ఎప్పటికీ వేరువేరు గదుల్లోనే.

ఫ్రిస్కో_నాన్న

పిల్లుల పరీక్ష కిటికీ అద్దం అవతల నుంచి చేయండి అక్కా. చుక్కి కనిపించినప్పుడు రాణిని పేరు పెట్టి పిలిచి చికెన్ ముక్క చూపించండి. తల తిప్పి మీ వైపు వస్తే పని చేయడానికి దారి ఉంది. ముక్క ముక్కు దగ్గర పెట్టినా చూడకపోతే, ఒళ్లు వణుకుతుంటే, మీ ఇంటి పరిస్థితిలో ఇంక ప్రయత్నించొద్దనే నా మాట. పాప ఎదురుగా ఈ పరీక్ష చేయకండి.

అల్వాల్_అక్క

ఏడు వారాలైంది. ఏం జరిగిందో చెప్పాలి కదా, మీరంతా అంత రాశాక.

రాణి పక్కగదిలోనే ఉంది. రక్తపరీక్షలో టిక్ ఫీవర్ వచ్చింది, నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వేశాం, మొదట్లో పెరుగన్నంలో పెడితే మాత్ర ఒక్కటి పక్కకి తీసి పెట్టేది, బెల్లం ముక్కలో పెట్టాక మింగింది. మెడ పుండు మానింది, అక్కడ వెంట్రుకలు ఇంకా రాలేదు. నాలుగు కిలోలు పెరిగింది. మొదటి వారమంతా పడుకునే ఉంది, మూడో వారం నుంచి గేటు చప్పుడైతే మొరగడం మొదలుపెట్టింది, సరిగ్గా మీరు చెప్పినట్టే.

రాజుతో బాగుంది. మా కాలనీ వెనక గోడ ఉన్న ప్లాట్ ఒకటి తాళం అడిగి తీసుకుని అక్కడ నడిపిస్తున్నాం. మొదటిరోజు ముప్పై అడుగులు, ఇప్పుడు ఆరేడు అడుగులు, రాణికి మజిల్ ఉంటుంది. రాజు దాని వైపు చూడకుండా మట్టి వాసన చూసుకుంటూ పోతాడు. ఒకసారి ఇద్దరూ ఒకేచోట వాసన చూడబోతే రాణి నోరు మూసుకుని బిగుసుకుంది, మా ఆయన మాట్లాడకుండా తిప్పి తీసుకొచ్చేశారు. ఒకే గదిలో ఇంతవరకు ఉంచలేదు, ఉంచం కూడా.

పిల్లులతో మాత్రం కుదరదు. ఫ్రిస్కో తమ్ముడు చెప్పినట్టు అద్దం అవతల నుంచి చూపించాం. చుక్కి గోడ మీద కూర్చుని ఒళ్లు నాక్కుంటోంది. రాణి చూసింది, అంతే, నోరు మూసుకుంది, వెనక కాళ్లు వణుకుతున్నాయి, సన్నగా కూత లాంటి శబ్దం. చికెన్ ముక్క ముక్కుకి తగిలించినా తెలియలేదు. నేను పిలిచాను, నా గొంతు వింటే ఎక్కడున్నా పరిగెత్తి వచ్చేది ఆ రోజు చెవి కూడా కదల్చలేదు. కర్టెన్ వేసేశాక కూడా పావుగంట అద్దం వైపే చూస్తూ నిలబడింది. వారం ఆగి మళ్లీ చేశాం, ఇంకో వారం తర్వాత మళ్లీ. మూడుసార్లూ అంతే. మూడోసారి అయ్యాక వసారాలో కూర్చుని ఏడ్చాను, అది వచ్చి మామూలుగా తల తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

రాణిని మేము ఉంచుకోవడం లేదు. పిల్లులు లేని ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటుంది, అది ఎన్ని నెలలైనా సరే. పాపకి నేనే చెప్పాను. ‘మనం చుక్కిని ఇచ్చేసి రాణిని ఉంచుకోలేమా’ అని అడిగింది, కాసేపటికి ‘అది తప్పు కదా అమ్మా’ అని తనే అంది.

ఇప్పటికి ఇద్దరు అడిగారు. ఒకాయన తోటకి కాపలాగా కట్టేసుకుంటానన్నారు, మళ్లీ గొలుసుకి ఇవ్వలేనని చెప్పేశాను. ఇంకొకతను పిల్లల్ని పెట్టించడానికి కావాలని, పాతికవేలు ఇస్తానని ఫోన్ చేశాడు. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఆపరేషన్‌కి తేదీ అడిగాను, వచ్చే మంగళవారం. అది అయ్యాకే ఎవరికైనా ఇస్తాం. టీకాల కాగితాలు, రక్తపరీక్ష రిపోర్టు, మజిల్, తాడు అన్నీ ఇచ్చి పంపిస్తాం. మొదట మీరు వచ్చి మూడు నాలుగుసార్లు దాన్ని నడిపించాలి, తర్వాత మేము మీ ఇల్లు చూడాలి, ఎప్పుడు కుదరకపోయినా వెనక్కి మాకే ఇవ్వాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లులు, వేరే కుక్కలు లేని ఇల్లు, తలుపు వేసుకునే అలవాటున్న పెద్దవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే ఇక్కడే మెసేజ్ పెట్టండి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఏడింటికి దాన్ని నడిపిస్తాం, ఆ సమయంలో వచ్చి చూడొచ్చు.